న్యూట్రోఫిల్‌ని చదవడం మనం ఎలా నేర్చుకున్నాం?

జ్వరం తగ్గకపోతే డాక్టర్ గారు సీబీపీ రాస్తారు కదా. భవానీపురంలో ఉన్న ఏదో ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వస్తాం, సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. అందులో ‘న్యూట్రోఫిల్స్’ అని ఒక లైను ఉంటుంది. ఈ ఎపిసోడ్‌లో ఆ ఒక్క లైను వెనక ఉన్న చరిత్ర చూద్దాం.

ఒంట్లోకి బ్యాక్టీరియా దూరితే ముందుగా పరిగెత్తే తెల్ల కణాలు ఇవే. 19వ శతాబ్దం చివర్లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ రక్తానికి రంగులు అద్ది, ఏ కణం ఏ రంగు పట్టుకుంటుందో చూసి, తెల్ల కణాల్ని విడదీశాడు. తటస్థ రంగు పట్టుకున్నది న్యూట్రోఫిల్ అయింది.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అన్నదమ్ముల్ని స్ప్రూ జబ్బుకి పోగొట్టుకున్నారు. తర్వాత అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి 1945లో ప్రకటించింది. ఆ విటమిన్ తగ్గితే న్యూట్రోఫిల్ కేంద్రకం మామూలు కంటే ఎక్కువ ముక్కలుగా కనిపిస్తుంది. స్లైడ్ చూసే టెక్నీషియన్ ఇప్పటికీ ఆ గుర్తు కోసం వెతుకుతాడు.

అసలు మలుపు 1960లో. న్యూయార్క్‌లో పర్విజ్ లాలెజారి, ఆయన సహచరులు ఒక విషయం తేల్చారు. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ దాటి, బిడ్డకి తండ్రి నుంచి వచ్చిన న్యూట్రోఫిల్ గుర్తుల మీద దాడి చేయగలవు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల కథ విన్నారు కదా, అలాంటిదే ఇది. కాకపోతే ఇది తొలి కాన్పులోనే రావచ్చు. బిడ్డకి న్యూట్రోఫిల్స్ పడిపోతాయి, ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది. తల్లి యాంటీబాడీలు తగ్గేదాకా, అంటే కొన్ని వారాలో నెలలో, బిడ్డని కాపాడుకోవాలి. ఆ గుర్తులకి 1998లో హెచ్‌ఎన్‌ఏ అనే ఉమ్మడి పేర్ల పద్ధతి వచ్చింది.

మరి పరీక్ష చేయడం సులువేనా? కానే కాదు! ఎర్ర కణాల్ని వారాల తరబడి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. న్యూట్రోఫిల్స్‌కి ఆ ఓపిక లేదు. దాతల దగ్గర తాజాగా రక్తం తీసుకుని, గంటల్లోనే వేరుచేసి వాడేయాలి. కాస్త మొరటుగా కదిపితే అవంతట అవే గుంపుకట్టి, లేని యాంటీబాడీ ఉన్నట్టు చూపిస్తాయి.

అందుకే ట్రైనింగ్‌లో రెండు పద్ధతులూ నేర్పాలి. ఒకటి, కణాలు గుంపుకడుతున్నాయా అని మైక్రోస్కోపులో చూడడం. రెండోది, యాంటీబాడీ అతుక్కున్న కణాన్ని మెరిసే రంగుతో పట్టుకోవడం. ఒకదాంట్లో తప్పించుకున్నది రెండోదాంట్లో దొరకొచ్చు. ఉదాహరణకి హెచ్‌ఎన్‌ఏ-3ఏ యాంటీబాడీ ఎక్కువగా గుంపుకట్టే పరీక్షలోనే బయటపడుతుంది. దాత ప్లాస్మాలో అది ఉంటే, ఎక్కించుకున్న రోగి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు.

మెషీన్ అంకె ఇస్తుంది. ఆ గుంపు నిజమైనదా, చేతి పొరపాటా అని తేల్చేది మాత్రం నేర్చుకున్న కన్నే. మీలో ఎవరైనా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి: మీరు చూసే స్లైడ్ అవతల ఒక పసిబిడ్డ ఉండొచ్చు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!