విశాఖ గ్లాస్ బ్రిడ్జ్‌కి వెళ్తున్నారా? ఫ్లోటింగ్ బ్రిడ్జ్ పాఠం కూడా తెలుసుకోండి

విశాఖ అనగానే ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, కైలాసగిరి గుర్తొస్తాయి. ఇప్పుడు ఆ లిస్టులో కైలాసగిరిపై కట్టిన గాజు వంతెన కూడా చేరింది. 2025 డిసెంబర్‌లో ప్రారంభమైన ఈ బ్రిడ్జ్ కేవలం నడిచేవాళ్ల కోసమే. కాళ్ల కింద లోయ, ఎదురుగా బంగాళాఖాతం కనిపిస్తాయి.

ఎలా నిలబడింది?
దీని పొడవు 55 మీటర్లు. కేరళలోని వాగమన్ గాజు వంతెన పొడవు సుమారు 40 మీటర్లే. కైలాసగిరి బ్రిడ్జ్ ఒక చివర కొండకు గట్టిగా బిగించి ఉంటుంది. రెండో చివర గాల్లోనే ఆగిపోతుంది. అంటే అవతలి ఒడ్డు ఉండదు, చివరిదాకా నడిచి వెనక్కి రావాల్సిందే. ఇలాంటి వంతెనల్లో వాడేది పొరలు పొరలుగా అతికించిన గాజు. ఒక పొర పగిలినా మిగతావి బరువు మోస్తాయి.

తుఫాన్లు వస్తే?
విశాఖకు ఇది అసలు ప్రశ్న. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ నగరాన్ని అతలాకుతలం చేసింది. గంటకు 250 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా బ్రిడ్జ్‌ను డిజైన్ చేశామని నిర్వాహకులు చెబుతున్నారు.

ఫ్లోటింగ్ బ్రిడ్జ్ ఏమైంది?
2024 ఫిబ్రవరి 25న ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభమైంది. మర్నాడే చివర ఉన్న వ్యూ పాయింట్ విడిపోయి కనిపించింది. ఆ టైంలో దానిపై సందర్శకులు లేరు. అది తెగిపోలేదని, అలల తీవ్రత వల్ల తామే విడదీశామని వీఎంఆర్‌డీఏ అధికారులు వివరణ ఇచ్చారు. కర్ణాటకలోని మల్పే బీచ్‌లో 2022 మేలో ఇలాంటి వంతెనే ప్రారంభించిన కొద్ది రోజులకే దెబ్బతింది. 2024 మార్చి 9న కేరళలోని వర్కలలో పెద్ద అల తాకి, వంతెనపై ఉన్నవాళ్లు సముద్రంలో పడ్డారు. పలువురు గాయపడ్డారు. ప్లాస్టిక్ బ్లాకులు కలిపి చేసే ఈ వంతెనలు అలతో పాటే లేస్తాయి, పడతాయి. సముద్రం ఎలా ఉందో చూసుకోకుండా ఎక్కితే ప్రమాదమే.

వెళ్లే ముందు ఇవి గుర్తుంచుకోండి
* గాజు వంతెనపైకి ఒకేసారి పరిమిత సంఖ్యలోనే పంపిస్తారు. వీకెండ్‌లో వెయిటింగ్ తప్పదు.
* కైలాసగిరి పైకి ఘాట్ రోడ్డు ఉంది, రోప్‌వే కూడా ఉంది.
* వాన, ఈదురుగాలి ఉన్న రోజు ప్రోగ్రాం మార్చుకోవడమే మేలు. సిబ్బంది ఆపితే వాదించొద్దు.
* ఎత్తంటే భయం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆలోచించుకుని ఎక్కాలి.
* వంతెనపైకి సైకిళ్లు తీసుకెళ్లడం కుదరదు. సైకిల్ తొక్కాలనుకుంటే తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు వెళ్లండి. వాకర్ల కోసం ఆ సమయంలో కొంత దూరం వాహనాలను ఆపేస్తారు.