ప్రాంతపదకోశములు — నిఘంటుక్రమముల చరిత్రము

కార్వేటినగర సంస్థానమున వేణుగోపాలస్వామి పేరఁ బదములు రచించిన సారంగపాణి యా ప్రాంతమునఁ బలుకు మాటలను, సామెతలను సంకోచింపక వాడినవాఁడు. కావున నాతని పదములను జదువువారు పెద్దనిఘంటువు లెన్ని చేరువ నున్నను నొకానొకచోట నిలువక తప్పదు. ఇది నిఘంటుకర్తల యశ్రద్ధవలనఁ గలిగిన లోపము గాదు. వారు కైకొనిన నియమములవలనఁ గలిగినది. ఆ నియమముల చరిత్ర మించుక చూచి, నేఁడు గణకయంత్రముతో నొక ప్రాంతపదకోశమును గూర్చుకొను తెఱఁగును విచారింతము.

మన పూర్వులకు నిఘంటువు కంఠస్థము చేయవలసినది. విప్పి వెదకవలసినది గాదు. అమరకోశము స్వర్గవర్గముతో నారంభమగును. పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహము దేవ మానవ స్థావర తిర్యఙ్నానార్థ వర్గులుగా నడచెను. పద్యములో నిముడని మాటకు వానిలోఁ జోటు లేదు. మామిడి వెంకయ్య యాంధ్రదీపిక యకారాదిక్రమమును జేపట్టెను. బ్రౌనుదొర 1852లోఁ బ్రకటించిన నిఘంటువున వాడుకమాటలకును జోటిచ్చెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము (1885) కావ్యప్రయోగమునే ప్రమాణముగాఁ గొనెను. 1911లో నేర్పడిన యాంధ్రసాహిత్యపరిషత్తు 1936 మొదలు వెలువరించిన సూర్యరాయాంధ్రనిఘంటువు నా మార్గమునే త్రొక్కెను. కావ్యపఠనమున కది యుక్తమే. కాని గ్రంథమున కెక్కని మాట యందుఁ జేరదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశమును, 1971లోఁ జేనేత పదకోశమును వెలువడినపుడు మాండలికవృత్తిపదములకుఁ దగిన గౌరవము లభించెను. అవి పుస్తకమును విడిచి పొలమునకును మగ్గముకడకును బోయి కూర్చినవి.

చిత్తూరుసీమలోఁ గపిల యను మాటను జూడుఁడు. ఎద్దులను గట్టి బావినీరు తోడు సాధన మది; తెలంగాణమున మోట యందురు. విద్యుత్తుమోటరు వచ్చిన పిదపఁ గపిల మూలఁబడెను. దాని తోలుతొండము, మోకు, గిలక, ఎద్దులను వెనుకకు నడపు బాట మొదలగు వాని పేళ్లును దానివెంటనే పోవుచున్నవి. కయ్య, గెనిమ వంటి మాటలు పొలముండువఱకు నిలుచును; కపిలమాటల కంత గడువు లేదు. ఈ పని వాయిదా వేయఁదగినది కాదనుట కిదియే కారణము.

పదకోశములు గూర్చుటకే నిర్మింపఁబడిన సాఫ్టువేరులు నేఁడు గలవు. ఎస్.ఐ.ఎల్. సంస్థవారి ఫీల్డువర్క్సు వానిలో నొకటి, ఉచితముగా లభించును. ప్రతిపదమునకు శీర్షరూపము, భాషాభాగము, అర్థము, ప్రయోగము, వినిన యూరు వేర్వేఱు గడులలో వ్రాయవచ్చును. వెనుకటివారు చీటీలతోఁ జేసిన పని యిదియే. చీటీ యొక పెట్టెలోనే యుండఁగలదు; ఇందలి పద మకారాదిగాను, వర్గముగాను, ఊరివారిగాను గనఁబడును. ఆ సంస్థవారే 1700లకు మించిన యర్థవర్గముల పట్టికను సిద్ధపఱచిరి. అది విశ్వముతో, ఆకాశముతో మొదలగును. ఒక్కొక్క వర్గమును జదివి, దానికిఁ జెందిన మాటలు చెప్పుఁడని గ్రామస్థుల నడుగుదురు. అమరసింహుని వర్గములే మరల వచ్చినవని పండితులకుఁ దోఁపక మానదు. వెదకుటకు ననుకూలము గాదని విడిచిన క్రమము ఏరుటకుఁ బనికివచ్చినది!

వైయాకరణుని కిచట నొక పని గలదు. యూనికోడు సంకేతావళిలో ఱకారము రకారమువెంటను, ళకారము లకారమువెంటను నున్నవి; మన వర్ణమాలలో నవి హకారమునకుఁ దరువాతివి. అర్ధానుస్వార మచ్చులకంటె ముందున్నది. సంకేతసంఖ్యను బట్టియే కూర్చినచో ‘తాఁబేలు’ ‘తాకు’నకు ముందు పడును, అరసున్న లేక వెదకువానికిఁ జిక్కదు. క్రమసూత్రమును మనము వ్రాసియిచ్చినచో సాఫ్టువేరు పాటించును. ప్రత్యాహారములకై వర్ణసమామ్నాయమును దనకు వలసినట్లు కూర్చుకొన్న పాణినిని జదివినవారి కిది క్రొత్త గాదు.

శీర్షపదవిషయమున మాత్రము పండితులతో నాకు వివాదము గలదు. ఇచట వేరుసెనగను చెనిక్కాయ యందురు. దానిని ‘సెనగకాయ’ యని దిద్ది వ్రాయుట మనవారి కలవాటు. నా మతమున విన్న రూపమే శీర్షమున నుండవలెను. వ్యుత్పత్తియు సాధురూపమును గ్రిందిగడిలోఁ జూపవలెను. దిద్దిన రూపము నెక్కించినచో ‘చెనిక్కాయ’ యను మాటను వెదకివచ్చిన విద్యార్థి వట్టిచేతులతో మరలిపోవును. మనము కూర్చిన కోశము మన కోశముగా మిగులును, ఊరివారిది గాదు.

సంగ్రహము జిల్లా యెల్లవద్ద నాఁగరాదు. 1960లో మద్రాసురాష్ట్రమునఁ జేరిన తిరుత్తణి తాలూకాలోను దెనుఁగుమాట వినఁబడును. అరవముతోఁ గలసిన పదములను బయటివని త్రోసివేయుట తగదు. సారంగపాణి పదములలోని మాట లెదురైనచోఁ బ్రయోగపుగడిలో వానిని జేర్చిన, ఆ కవికి టీకయుఁ గ్రమముగా సిద్ధమగును. పాఠశాలాపండితు లెవరైనఁ బూనుకొనినచో మొదటఁ గపిల తోలినవారియొద్దకుఁ బోవుట మేలు. వారందఱు నిపుడు వృద్ధులు.