సినిమా అయ్యాక అసలు పాఠం

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లులకి సినిమా మంచి సాయమే. మొగలాయి దర్బారు గురించి పది పేజీలు చదివించేకన్నా, 1955 నాటి మన ‘అనార్కలి’లో అక్బరు వేషంలో ఎస్వీ రంగారావుగారిని చూపిస్తే చాలు, కళ్లప్పగించి కూర్చుంటారు.

చిక్కల్లా ఆ తర్వాతే. “అమ్మా! నిజంగా ఆమెని సజీవ సమాధి చేయించాడా?” అంటారు. ఏం చెప్తాం?

అబుల్ ఫజల్ రాసిన ‘అక్బర్‌నామా’లో ఆమె ఊసే లేదు. సలీమే జహంగీరు చక్రవర్తయ్యాక తన కథ తానే రాసుకున్నాడు కదా, అందులోనూ లేదు. పోనీ అంతా కట్టుకథేనా అంటే, 1611లో లాహోరు చూసిన విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆమె సమాధి గురించి, తను విన్న కథ గురించి రాశాడు. ఆ కథలో ఆమె నాట్యకత్తె కాదు, అక్బరు భార్యల్లో ఒకామె! సమాధి లాహోరులో ఇప్పటికీ ఉంది. మనకి తెలిసిన ప్రేమకథకి మాత్రం 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన ఉర్దూ నాటకం ప్రాణం పోసింది.

బళ్లో అయితే తప్పు దిద్దడానికి మేష్టారుంటారు. ఇంట్లో ఆ మేష్టారు మనమే. “ఈ మాట ఎవరన్నారు? ఎప్పుడన్నారు?” అని అడగడం నేర్పామనుకోండి, రేపు టీవీలో ఎవరేం చెప్పినా పిల్లలు ఊరికే తలూపరు.