ఎండను కొలుచువారు

వేసవిలో ప్రాంతీయ వార్తలు వినువారికి రెంటచింతల పేరు సుపరిచితము. సముద్రపుగాలి అందని పలనాటి రాతినేలలో మే మాసమున ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట వింత కాదు. పలనాటి రాళ్లను, జొన్నకూటిని పరిహసించినట్లు చెప్పుకొను శ్రీనాథునికి థర్మామీటరు లేదు. ఉండియున్నచో ఇంకొక చాటువు పుట్టియుండెడిదేమో! అటువంటి అంకె మన రేడియోకు చేరుటకు వెనుక చిరకాలముగ ఒక మనిషి నేర్చిన విద్య కలదు. కృత్రిమ మేధ వాతావరణమును చెప్పుచున్న ఈ కాలమున ఆ మనిషి ఇక ఏమి నేర్వవలెను?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడెను. పరిశీలకునకు అది నేర్పిన పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడునట్లు పలకలు వాల్చి కట్టిన తెల్లని కొయ్యపెట్టె ఉండును. అందులో నాలుగు థర్మామీటర్లు. ఉదయము 8.30కు, సాయంకాలము 5.30కు తలుపు తీసి, తన ఒంటి వేడి తగులకముందే, కన్ను పాదరసపు మట్టమునకు సరిగా నిలిపి, డిగ్రీలో పదవవంతు వరకు చదువవలెను. కన్ను కొంచెము పైకి జరిగినను అంకె మారును. దేశమున పలుచోట్ల ఈ పని చేసినవారు స్వల్పవేతనముపై కుదిరిన బడిపంతుళ్లు, పోస్టుమాస్టర్లు. ఆదివారమని ఎండ ఆగదు గదా!

ఈ అంకెలను లెక్కకట్టినవారు వేరు. 1899నాటి అనావృష్టి, దానివలని ఘోరక్షామము శాఖ జోస్యమునకు అందలేదు. 1904లో శాఖాధిపతియైన గణితజ్ఞుడు గిల్బర్టు వాకరు భారతీయ గుమాస్తాలను కూర్చుండబెట్టి, దేశదేశముల వాయుపీడనమునకు, మన వర్షపాతమునకు గల సంబంధములను చేతితో లెక్కింపజేసెను. నేడు యంత్రము చేయుపనిని నాడు మనుష్యుల వరుస చేసెను. పసిఫిక్ సముద్రముపై పీడనము చూపు ఊగిసలాట ఆ పట్టికలనుండియే బయల్పడెను. వాకరు పేరు నిలిచెను. గుమాస్తాల పేర్లు చాలవరకు నిలువలేదు.

2023లో వెలువడిన గ్రాఫ్‌కాస్ట్ వంటి కృత్రిమ మేధ నమూనాలు 1979 మొదలు సుమారు 40 ఏండ్ల వాతావరణ చరిత్రను అభ్యసించి, పది దినముల జోస్యమును నిమిషములోపల చెప్పుచున్నవి. ఆ చరిత్రలో ఉపగ్రహములతోపాటు నేలమీది పరిశీలకుల అంకెలును కలవు. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము 2000 కోట్ల రూపాయలతో ఆమోదించిన మిషన్ మౌసమ్‌లోను ఈ విద్యకు చోటు దొరికెను.

కాని అదే సంవత్సరము మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్ స్వయంచాలక కేంద్రము 52.9 డిగ్రీలు చూపగా దేశము ఉలికిపడెను. నిపుణులు ప్రామాణిక పరికరముతో పోల్చి చూడగా యంత్రము మూడు డిగ్రీలు ఎక్కువ చూపుచున్నట్లు తేలెను. మూడు డిగ్రీలే గదా అనరాదు. మైదానములలో 45 డిగ్రీలు చేరిన వడగాలి, 47 చేరిన తీవ్రమైన వడగాలి అని శాఖ నియమములలో ఒకటి. యంత్రము ఎక్కువ చూపినచో కూలివానికి ఒకనాటి కూలి పోవును. తక్కువ చూపినచో ప్రాణమే పోవచ్చును. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి.

ఉద్యోగులను తీర్చిదిద్దు శాఖలు తమ పనిని కొత్త యంత్రమును నడుపుట నేర్పుటగానే తలచుట నాకు సరిగా తోచదు. మీటలు నొక్కుట వారములో వచ్చును. పరికరముపై చెట్టునీడ పడినదా, ప్రక్కన కొత్తగా సిమెంటు పరచినారా, పొరుగు కేంద్రములన్నియు 43 చెప్పుచుండగా ఇది ఒక్కటే 46 ఏల చెప్పుచున్నది అని సందేహించుట ఏండ్లమీద వచ్చును. ఆ సందేహము పాత పరిశీలకుని సొత్తు. యంత్రము వచ్చినదని అతనిని ఇంటికి పంపినచో దానిని నేర్పువాడు ఉండడు. కొత్త ఉద్యోగిని ఒక వేసవియైనను అతని ప్రక్కన నిలిపి, యంత్రపు అంకెను, పాదరసపు అంకెను దినమునకు రెండుమారులు పోల్చి వ్రాయింపవలెను. పలనాటిలో ఎండలకు కొరత లేదు.