పెద్దల పండుగ: ఖరగ్‌పూరునుండి మెక్సికోవరకు

మకర సంక్రాంతినాడు ఖరగ్‌పూరులోని తెలుగువారి యిండ్లలో ప్రొద్దు పొడుచుటకు ముందే వంట ప్రారంభమగును. స్నానములైన పిమ్మట గోడచెంత పీట వేసి, దానిపై గతించిన పెద్దల పటములుంచి, వాని యెదుట క్రొత్త పంచె, చీర, గారెలు, అరిసెలు, పరమాన్నము పెట్టి, బంతిపూల దండలు వేసి, ఇంటిల్లిపాదియు మ్రొక్కుదురు. దీనినే మనవారు 'పెద్దలకు పెట్టుకొనుట' యందురు. ఉత్తరాంధ్రమున సంక్రాంతికి 'పెద్ద పండుగ' యని పేరు. పండుగలలో పెద్దది యగుటయే కాక, పెద్దలను తలచుకొను పండుగ యగుటవలనను ఆ పేరు దానికి చక్కగా నొప్పుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట మా యింట ఈ కార్యము జరుగుచుండగా మనుమడు నన్నొక ప్రశ్న యడిగినాడు. "తాతా, మనవాళ్లలో అందరికంటె ముందు ఈ ఊరు వచ్చినదెవరు? ఆయన ఫోటో ఏదీ?" మా తాతగారి తండ్రి శ్రీకాకుళము సీమనుండి వచ్చి ఇచ్చటి కర్మాగారమున పనిలో చేరెనని నేను విని యుంటిని. ఆయన పటము లేదు. పేరైనను చెప్పుదమన్న నాకు తెలియలేదు. ఇంటిలో నందరును ఆయనను 'పెద్దయ్య' యనియే చెప్పుకొనెడివారు. పిలుపు మిగిలినది, పేరు పోయినది. ఆ యేడు పీటముందు నిలిచి నేను మ్రొక్కితినే గాని, ఎవరికి మ్రొక్కుచున్నానో నాకు సరిగా తెలియలేదు. ఈ వ్యాసమునకు ఆ సిగ్గే కారణము.

మనవారు ఈ యూరికి వచ్చిన విధమును స్మరించుకొందము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై 1900లో హౌరాతో సంబంధము కలిగిన పిదప ఖరగ్‌పూరు పెద్ద కూడలి యయ్యెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే ఇచ్చట కర్మాగారము వెలసినది. 1902లో వాల్తేరునుండి కటకమువరకు గల తూర్పుతీరపు మార్గము ఆ కంపెనీ యధీనమునకు వచ్చుటతో విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము, గంజాము సీమలనుండి పనికై వచ్చువారికి త్రోవ సుగమమైనది. ఖలాసీలు, ఫిట్టర్లు, బాయిలరు పనివారు, గ్యాంగుమన్లు, గుమాస్తాలు కుటుంబములతో వచ్చి స్థిరపడిరి. నింపురా, మథురాకాటి వంటి పేటలలో తెలుగు మాట నిత్యము వినవచ్చినది. 1927లో ఇచ్చట పెద్ద సమ్మెయు, లాకౌటును జరిగినవి. ఈ రైల్వే కార్మికుల యుద్యమమున నాయకత్వము వహించిన వరాహగిరి వేంకటగిరిగారు బరంపురమున జన్మించిన తెలుగువారు. 1969లో భారత రాష్ట్రపతియైరి. నాయకుని పేరు చరిత్రకెక్కినది. ఆయన వెంట నడచి, ఇంట పొయ్యి వెలుగని దినములు గడిపినవారి పేర్లు వారివారి యింటివారికైన తెలిసియుండవలెను గదా!

పల్లెలో నున్నవానికి పెద్దలను జ్ఞాపకము చేయుటకు పొలమున్నది, ఇల్లున్నది, తాత నాటిన చెట్టున్నది. రైల్వే యుద్యోగికి ఇవి లేవు. అతడు కాపురమున్న ఇల్లు పదవీ విరమణతో వదలవలసినదే. గోడపై పిల్లల యెత్తు కొలిచి గీసిన గీతలు తరువాత వచ్చినవారి సున్నముక్రింద మాయమగును. చనిపోయిన పిమ్మట దహన సంస్కారమే గాని సమాధి కట్టుకొను వాడుక మనలో పెక్కురకు లేదు. కావున వలస వచ్చినవానికి సంవత్సరమునకు ఒకసారి వచ్చు ఆ పీటయే పొలము, ఆ పటమే ఇల్లు.

పితృస్మరణ ఒక్క సంక్రాంతికే పరిమితము కాదు. భాద్రపద బహుళపక్షము మహాలయపక్షము. దాని చివరి దినమును తెలంగాణమున పెత్రమాస యందురు. ఆనాడే బతుకమ్మ పండుగ మొదలగును. వంగదేశమున మన యిరుగుపొరుగువారు ఆ యుదయమున కంసావతీ తీరమున తర్పణములు విడుతురు. 1930 దశకమునుండి ఆనాటి బ్రాహ్మీ ముహూర్తమున రేడియోలో 'మహిషాసురమర్దిని' వినుట వారికి ఆచారమైనది. దీపావళినాడు మన పిల్లలు గోగుకఱ్ఱలకు నూనెగుడ్డలు చుట్టి దివిటీలు కొట్టుదురు. మహాలయమునకు వచ్చిన పితరులకు తిరుగుత్రోవ చూపుటకే ఈ వెలుగు అని పెద్దలు చెప్పుదురు. కాళీపూజకు ముందునాటి రాత్రి వంగీయులు పదునాలుగు తరముల పూర్వికులకై పదునాలుగు దీపములు వెలిగింతురు. భాష వేరైనను భావ మొక్కటియే.

అయినను మన విధిలో ఒక పరిమితి గలదు. తర్పణమున పేరు, గోత్రముతో చెప్పుకొనునది తండ్రి, తాత, ముత్తాత యను మూడు తరములవారిని. వీరిని వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావింతుము. స్త్రీలలో తల్లి, నాయనమ్మ, ఆమె యత్తగారు వత్తురు. అంతకు పైవారి పేర్లు ఆ వరుసలో రావు. పల్లెలో నిది లోపము కాదు; అచ్చట ఊరే మిగిలినవారిని గుర్తుంచుకొనును. ఖరగ్‌పూరున లెక్క వేరు. తొలితరము వచ్చి నూరేండ్లు దాటినది. తరమునకు ఇరువదియైదేండ్లు వేసికొన్నను, నేడు ఉద్యోగమున నున్న యువకుని నోట తొలుత రైలు దిగినవాని పేరు పలుకు అవసరము రాదు. మన యూరికి మూలపురుషులైనవారు ఇప్పుడిప్పుడే తర్పణపు వరుసనుండి జారిపోవుచున్నారు. ఇది మన కండ్లయెదుటనే జరుగుచున్నది.

ఈ చింతలో నున్నప్పుడు నాకు మెక్సికో దేశపు ఆచారము ఆలోచన కలిగించినది. ఆ దేశముతో మనకు సంబంధ మేమి యని చదువరులడుగవచ్చును. మన పెద్దల పటములకు వేయు బంతిపూవే ఆ సంబంధము. బంతి పుట్టినది మన దేశమున గాదు, మెక్సికోలో. ఐరోపావారు సముద్రయానములు సాగించిన తరువాత అది మన తోటలకు చేరినది. అచ్చటి ప్రాచీన నహువా భాషలో దాని పేరునకు 'ఇరువది పూవు' అని యర్థము. ఆ పూవుతోనే వారును తమ పితరులను పిలుతురు.

ఏటేట నవంబరు 1, 2 తేదీలలో వారు మృతుల పండుగ జరుపుదురు. మొదటి దినము గతించిన పసిబిడ్డలది, రెండవది పెద్దలది. ఇంటిలో బల్లపై పటములుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి, సాంబ్రాణివంటి కోపాల్ ధూపము వేసి, దూరమునుండి వచ్చువారికి దప్పిక తీరుటకు నీరును, ఉప్పును, చనిపోయినవారికి బ్రతికియుండగా ప్రియమైన వంటకములను పెట్టుదురు. ప్రత్యేకముగా కాల్చిన తీపి రొట్టెలు, పంచదారతో చేసిన పుఱ్ఱెలు ఉండును. వాకిటినుండి బల్లవరకు బంతి రేకులు చల్లుదురు. ఆ రంగును, వాసనను పట్టుకొని ఆత్మలు ఇల్లు చేరునని వారి నమ్మకము. శ్మశానములకు పోయి సమాధులు కడిగి, పూలు పఱచి, దీపములతో రాత్రి మేల్కొని యుందురు. పాటలును, నవ్వులును ఉండును.

1521లో స్పెయినువారు ఆజ్టెక్ రాజధానిని జయించిరి. అంతకు పూర్వమే ఆ జనులకు మృతుల పండుగలు కలవు. తరువాత క్రైస్తవుల సర్వాత్మల దినముతో పాత యాచారములు కలిసినవి. దీనిలో ప్రాచీన భాగ మెంత, ఐరోపా భాగ మెంత యను విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. 2003లో యునెస్కో దీని నొక మహాసంపదగా ప్రకటించి, 2008లో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది.

మనకు ముఖ్యమైన ఘట్టము మరియొకటి. పనికై అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోయిన మెక్సికనుల సంతతివారు క్రమముగా భాషను, ఆచారమును మఱచుచుండిరి. 1970 దశకపు తొలి భాగమున శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజలస్ నగరములలో వారి కళాకారులు కొందఱు పూనుకొని, ఇంటిలోని బల్లను పేటలోనికి తెచ్చిరి. పేటవారందఱును తమ మృతుల పటములు తెచ్చి ఒక్కచోట నుంచిరి. సొంత యిల్లు లేనివాడును, బంధువులు దూరమున నున్నవాడును అచ్చటికి వచ్చి ఒక క్రొవ్వొత్తి వెలిగింపగలిగెను. ఇంటి పండుగ సమాజపు పండుగ యైనది. వలసలో ఒక యింటికి బరువైన జ్ఞాపకమును పదియిండ్లు కలిసి మోయవచ్చునని వారు చూపిరి.

సమాజపు పండుగకు ఒక యపాయమును గలదు. మెక్సికో రాజధానిలో మృతుల పండుగకు జరుగు మహా ఊరేగింపు 2016లో క్రొత్తగా పుట్టినది. అంతకు ముందుటేడు విడుదలయైన యొక ఆంగ్ల చలనచిత్రములో కల్పితముగా చూపిన ఊరేగింపే దానికి ప్రేరణ. వేడుక పెరుగును, పటములోని మనిషి మఱపున పడును. మనము కోరవలసినది వేడుకను గాదు.

ఇట్టి సామూహిక స్మరణ మన సంప్రదాయమునకు క్రొత్తదియు గాదు. మహాలయమున కారుణ్య పితరులని పేర్కొని, మేనమామ, అత్తమామలు, గురువు, స్నేహితుడు మొదలగువారికిని తిలోదకము లిత్తుము. తర్పణాంతమున వస్త్రము పిండి, సంతతి లేక గతించినవారికి నీరు విడుతుము. మాఘ శుద్ధాష్టమినాడు భీష్మునకు తర్పణము విడుచువాడు భీష్ముని వంశజుడు కానక్కఱలేదు. సంతానములేని ఆ మహాత్మునకు లోకమంతయు సంతానమే. మన ఖరగ్‌పూరు గడ్డపైననే దీనికి నిదర్శన మున్నది. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరమున పోలీసుల కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్ గుప్త అను దేశభక్తులు ప్రాణములు విడిచిరి. వారి భౌతిక కాయములకై సుభాస్ చంద్ర బోసుగారు స్వయముగా వచ్చిరి. కలకత్తా సభలో రవీంద్రనాథ ఠాకూరుగారు ఆ దుష్కృత్యమును ఖండించిరి. 1951లో సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమైనది ఆ భవనముననే. దానికి షహీద్ భవన్ అని పేరు. నేటికిని ఆ యిద్దరి పేర్లు చెప్పువారు వారి బంధువులే కానక్కఱలేదు.

కావున మన సంఘ సభ్యులకు నా విన్నప మిది. ఒక గట్టి యట్ట పుస్తకము కొని సంఘ కార్యాలయమున నుంచుదము. ప్రతి కుటుంబమును తమలో మొదట ఈ యూరు వచ్చినవారి పేరు, ఊరు, వచ్చిన యేడు, చేసిన పని తెలిసినంతవరకు తెలుగులో వ్రాయవలెను. పురుషుల పేర్లతోపాటు, పరాయి భాషవారి నడుమ బిడ్డలను తెలుగువారిగా పెంచిన స్త్రీల పేర్లును వ్రాయవలెను. కులమతములు చూడరాదు, క్రైస్తవ, మహమ్మదీయ తెలుగు కుటుంబముల పెద్దలును మన పెద్దలే. సంక్రాంతి మరునాడు ఆ పేర్లన్నియు పిల్లలచేత పైకి చదివింతము. సంతకము చేయుటకైన తెలుగు లిపి రాని బిడ్డకు ముత్తాత పేరే మొదటి పాఠ మగునుగాక. తెలుగునకు అధికారభాషా స్థాన మొసగుటకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో సమ్మతించినది. ప్రభుత్వము భాషకు గౌరవ మీయగలదు. మన తాతల పేర్లు చెప్పవలసినవారము మనమే.

మా యింటి 'పెద్దయ్య' పేరు ఇంకను దొరకలేదు. ఆ పుస్తకములో మొదటి పుటలో నేను 'పెద్దయ్య, శ్రీకాకుళము సీమ, కర్మాగారము' అని వ్రాసి, పేరునకు చోటు విడిచెదను. ఎవరి యింటనైనను పాత పెట్టెలో ఒక జీతపు చీటియో, పెండ్లి శుభలేఖయో ఉండి ఆ చోటు నిండవచ్చును. నిండకున్నను, ఇచ్చట ఒక మనుష్యుడుండెనని ఆ ఖాళీయైన చెప్పుచుండును.