తాకని ప్రార్థన: మన్యం కొండల్లో 2020 పవిత్ర వారం

2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటికి కతోలికుల తపస్సు కాలం నడుస్తోంది. ఏప్రిల్ 5న మట్టల ఆదివారం, 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్. అరకు మీదుగా కిరండోల్ వెళ్లే ప్రయాణికుల రైలు ఆగింది. సంతలు ఆగాయి. చర్చి తలుపులు మూతపడ్డాయి. ఆ రోజుల్లో ఆరాధన ఎట్లా మారిందని రాసినవాళ్లు ఎక్కువగా పట్నం విచారణల గురించీ, ఫోన్ తెర మీద పూజ గురించీ రాశారు. మేమిక్కడ వేరే ప్రశ్న అడగదలుచుకున్నాం. తరతరాలుగా అంటరానితనం మోసిన జనానికి, ఎవరూ ఎవర్నీ తాకని పూజ అంటే ఏమిటి?

ఈ ప్రశ్నకి కొంచెం వెనక్కి వెళ్లాలి. సేల్స్ ఫ్రాన్సిస్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. 1886లో ఇక్కడ మేత్రాసనం ఏర్పడింది, 2001లో అతిమేత్రాసనం అయింది. జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు 1882లో కోరాపుట్ కొండలకి వచ్చారు. మైదానం నుంచి వెళ్లిన దొరలూ, ఉద్యోగులూ మన్యం జ్వరానికి భయపడేవాళ్లు. కొండ జనం మాత్రం ఆ జ్వరంలోనే పుట్టి ఆ జ్వరంలోనే బతికారు.

ఈ కొండల్లో క్రీస్తు మతం తీసుకున్నవాళ్లలో డొంబులు ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లనే మన వైపు ఏజెన్సీలో వాల్మీకులంటారు. నేత, వాద్యం, సంతల్లో చిన్న వ్యాపారం వాళ్ల పాత వృత్తులు. సరిహద్దుకి ఇవతల వాళ్లు షెడ్యూల్డ్ తెగ, అవతల ఒడిశాలో షెడ్యూల్డ్ కులం. గీత ఎక్కడ గీసినా, రెండు వైపులా వాళ్లని అంటరానివాళ్లుగా చూసిన చరిత్ర ఒకటే. అలాంటి మనిషికి చర్చిలో మొదట దొరికిందేమిటి? సిద్ధాంతం కాదు, స్పర్శ. జ్ఞానస్నానంలో తల మీద చెయ్యి. సత్ప్రసాదం ఇచ్చే చెయ్యి. పవిత్ర గురువారం నాడు పాదాలు కడిగే చెయ్యి.

చర్చి కులాన్ని పోగొట్టిందని మేము అనటం లేదు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం ప్రకటిస్తూ, చర్చి లోపల అంటరానితనం ఉందని తానే ఒప్పుకుంది. దేశంలో సుమారు 1.9 కోట్ల మంది కతోలికులుంటే 1.2 కోట్ల మంది దళితులేనని కూడా ఆ సందర్భంలోనే చెప్పింది. అందుకే ఇక్కడ స్పర్శ చిన్న విషయం కాదు. అది సగం నెరవేరిన వాగ్దానం.

సరిగ్గా ఆ వాగ్దానం మీదే 2020లో దెబ్బ పడింది. మార్చి 19న, మళ్లీ 25న వాటికన్ ఆరాధనా శాఖ ఉత్తర్వులు ఇచ్చింది. పవిత్ర గురువారం పాదాలు కడగడం మానెయ్యాలి. ఆ రాత్రి ఊరేగింపు ఉండకూడదు. గుడ్ ఫ్రైడే నాడు సిలువని ముద్దుపెట్టుకునేది పూజ చేసే గురువు ఒక్కడే. ఆ రోజు విశ్వాసుల ప్రార్థనలో జబ్బుపడినవాళ్ల కోసం, చనిపోయినవాళ్ల కోసం ఒక మాట చేర్చాలి. పాదాలు కడిగించుకునేవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉండొచ్చని పోప్ ఫ్రాన్సిస్ నియమం మార్చింది 2016లో. నాలుగేళ్లకే ఆ క్రియ మొత్తంగా ఆగిపోయింది.

ప్రాణాలు కాపాడటానికి ఇది అవసరమే. మాకు అందులో సందేహం లేదు. మా గొడవ ఆ దూరానికి పెట్టిన పేరుతో. ‘సామాజిక దూరం’ అన్న మాట ఊరి చివర వాడ కట్టుకున్నవాడికి కొత్తదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 20నే ‘భౌతిక దూరం’ అందాం అని సరిదిద్దింది. మన దగ్గర పాత మాటే నిలబడింది. పైగా మడి, ఆచారం శాస్త్రీయమేనని రుజువైందంటూ ప్రచారం బయల్దేరింది. రోగ దూరం అందరికీ ఒకటే, దానికి కారణం ఉంది, గడువు ఉంది. కుల దూరానికి గడువు లేదు, అది ఒక వైపు వాళ్ల మీదే పడుతుంది. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం అమాయకత్వం కాదు.

మరి కొండల్లో ప్రార్థన ఎట్లా నిలబడింది? సిగ్నల్ అందని గూడెంలో తెర మీద పూజ మాటే లేదు. చాలా గూడేలు పొలిమేరలో చెట్లు అడ్డం వేసి దారి మూసుకున్నాయి. జబ్బు ఊళ్లోకి రాకుండా హద్దు కట్టుకోవడం గిరిజనులకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక గురువు రాకపోవడం అంటారా, అది మన్యానికి పాత సంగతే. గురువు ఎప్పుడో ఒకసారి వచ్చే ఊళ్లలో ఆదివారం ప్రార్థన నడిపింది ఉపదేశే, జపమాల చెప్పించింది ఇంటి ఆడవాళ్లే. పాపసంకీర్తనకి గురువు దొరకనప్పుడు నిండు పశ్చాత్తాపమే చాలని, వీలైనప్పుడు గురువు దగ్గరికి వెళ్తే సరిపోతుందని వాటికన్ మార్చి 20న గుర్తు చేసింది. పట్నం కతోలికుడికి ఇది కొత్తగా అనిపించి ఉండొచ్చు. కొండ మీద అది బతుకు తీరు.

జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవొచ్చని కేంద్రం చెప్పింది. కానీ విగ్రహాలు తాకకూడదు, పవిత్ర జలం చల్లకూడదు, గుంపుగా పాడకూడదు, కావాలంటే రికార్డు చేసిన పాటలు పెట్టుకోవాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలి. వాద్యం కులవృత్తిగా ఉన్న జనానికి పాట ఆగడం అంటే పూజలో వాళ్ల వంతు ఆగడమే గదా! ముసలివాళ్లు రాకపోతే పాత పాటలు పిల్లలకి అందవు. ఈ నష్టం ఏ లెక్కల్లోకీ ఎక్కలేదు.

ఆంక్షలు పోయాయి. 2022 ఆగస్టు 27న ఆంథోనీ పూల కార్డినల్ అయ్యారు. ఆ పదవికి చేరిన తొలి దళితుడూ, తొలి తెలుగువాడూ ఆయనే. సంతోషించదగ్గదే. అయితే మేము చూడాల్సింది కిందికి. పాదాలు కడగడం మళ్లీ మొదలయ్యాక ఎవరి పాదాలు కడుగుతున్నారు? తలుపులు మూసిన రోజుల్లో ప్రార్థనని బతికించిన ఉపదేశికి, ఆ ఇంటి ఆడమనిషికి విచారణ నిర్ణయాల్లో చోటు దొరికిందా? జబ్బు వల్ల వచ్చిన దూరం జబ్బుతోనే పోవాలి. అంతకు ముందు నుంచీ ఉన్న దూరం మాత్రం దానంతట అది పోదు. దాన్ని పోగొట్టాల్సింది మనమే.