బంజారా కుక్క మెడలో చీటీ

ఈసారి పోస్టు కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

పండక్కి ఇంటికి పోయినప్పుడు జరిగిన సంగతితో మొదలుపెడతా. హాస్టల్లో ఏడు నెలలు ఉండి పోతిని. లాస్ట్ బస్సు దిగి తండా దాకా నడిచేసరికి బాగా చీకటి. మా కుక్క ఎదురొచ్చింది. తల ఎత్తి, తోక నిలబెట్టి, వీపు మీద వెంట్రుకలు లేపి, కాళ్ళు బిగబట్టి ఒక్కో అడుగూ వేస్తా వచ్చింది. నేను వంగి రాయి తీసుకున్నా. ఇంకో నాలుగడుగులు వేసిందో లేదో, నా వాసన తగిలినట్టుంది, ఒక్కసారిగా దాని ఒళ్ళంతా వదులైపోయింది. చెవులు వెనక్కి పోయినాయి, నడుము వంకర్లు తిరిగింది, తోకతో పాటు సగం ఒళ్ళు ఊగుతాంది. రాయి ఇంకా నా చేతిలోనే ఉంది. అవ్వ వాకిట్లో నుంచే చూసి, "నీ సెంటు వాసనకి గుర్తుపట్టలేదు లేరా" అని నవ్వింది.

తర్వాత లైబ్రరీలో చూస్తే, ఇదే సంగతి డార్విన్ 1872లోనే రాసిపెట్టినాడు. మనుషులూ జంతువులూ భావాలను ఒంటితో ఎట్ల చూపిస్తాయో అనే పుస్తకం అది. ఎవరో కొత్తమనిషి అనుకుని బిగుసుకుని నడిచే కుక్క, వచ్చేది తన యజమానే అని తెలిసిన క్షణంలో ప్రతి కదలికనూ తిరగేస్తుందంట. నిలబడిన తోక కిందికి దిగి ఊగుతుంది, లేచిన వెంట్రుకలు అణుగుతాయి, బిగిసిన ఒళ్ళు మెలికలు తిరుగుతుంది. బొమ్మలు కూడా వేయించినాడు. ఉత్త తోక చూసి మోసపోవద్దు అనేది తర్వాత వచ్చిన మాట. 2007లో ఇటలీలోని బారి యూనివర్సిటీ వాళ్ళు 30 కుక్కలను వీడియో తీసి కొలిచినారు. యజమానిని చూసినప్పుడు తోక ఊపు కుడివైపు ఎక్కువ పోయింది, తెలియని పెద్ద కుక్కను చూసినప్పుడు ఎడమవైపు ఎక్కువ పోయింది. చీకట్లో అదంతా కొలిచేదెవరు గానీ, ఊపే తోకంతా ప్రేమ కాదు అనేది గుర్తుపెట్టుకోవాల.

ఇదంతా మనకెందుకంటే, కుక్క ఒంటిని చదవడం మన పెద్దల బతుకుతెరువులో భాగం. సేవాలాల్ మహరాజ్ పుట్టింది 1739లో మన గుత్తి దగ్గర గొల్లలదొడ్డిలోనే. అప్పటికి మనోళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగేటోళ్ళు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులుంటాయని రాసినాడు. రాత్రి మకాం వేస్తే అన్ని ఎద్దులకు, బస్తాలకు మనుషులు చాలరు. కాపలా కుక్కలదే. నక్క వస్తే ఒక రకం అరుపు, మనిషి వస్తే ఒక రకం, చిరుత వస్తే అరుపే లేకుండా కాళ్ళ దగ్గరికొచ్చి నక్కడం. ఈ తేడాలు మా అవ్వ ఇప్పటికీ పడుకునే చెప్తుంది.

ఇప్పుడు అసలు కథ. 1916లో రస్సెల్, హీరాలాల్ మధ్యపరగణాల కులాలూ తెగల గురించి వేసిన పుస్తకంలో బంజారాల భాగంలో ఇది ఉంది. ఒక బంజారాకు అప్పు కావాల్సి వచ్చింది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు, కుక్క తప్ప. షావుకారు కుక్కనే పెట్టుకున్నాడు. ఒక రాత్రి షావుకారు ఇంట్లో దొంగలు పడి, సొమ్మంతా తీసుకుపోయి చెరువులో దాచిపెట్టినారు. కుక్క అంతా చూసింది. తెల్లారినాక షావుకారు బట్ట పట్టి లాగి, చెరువు దగ్గరికి తీసుకుపోయి చూపించింది. సొమ్ము దొరికింది. షావుకారు సంతోషపడి, అప్పు తీరిపోయిందని చీటీ రాసి, దాని మెడకు కట్టి, మీ వాడి దగ్గరికి పో అని వదిలినాడు. పరిగెత్తుకుంటా వచ్చే కుక్కను బంజారా దూరం నుంచి చూసినాడు. తాకట్టు తెంపుకుని వచ్చేసింది, నా మాట పోయింది అనుకున్నాడు. చంపేసినాడు. తర్వాత కనపడింది చీటీ.

నేను ఈ కథ రెండుసార్లు చదివినా. రెండోసారి నాకు ఆగిపోయిన చోటు వేరే. బట్ట పట్టి లాగుతాంటే, ఇది పిచ్చెక్కి కాదు, ఏదో చెప్తాంది అని అర్థం చేసుకున్నది షావుకారు. అంటే బయటివాడు. పుట్టినప్పటి నుంచి దాన్ని సాకినోడికి, అది చెవులు వెనక్కేసి ఒళ్ళు ఊపుకుంటా వస్తాంటే కనపడలే. ఎందుకు కనపడలే? నా లెక్కలో ఆ మనిషి చూసింది కుక్కను కాదు, అప్పును. వానలు లేని మన అనంతపురంలో అప్పున్న ఇంట్లో పెరిగినోళ్ళకు ఇది విడమరిచి చెప్పే పని లేదు. ఫోన్ మోగినా, వాకిట్లో బండి ఆగినా ముందు గుర్తొచ్చేది ఏందో మీకు తెలుసు.

మనోళ్ళకు బిడారు వ్యాపారం పోయి అప్పులు ముదిరింది రైలు వచ్చినాకే. 1871లో మద్రాసు–రాయచూరు లైను పూర్తయింది, మన గుత్తి, గుంతకల్లు మీదుగానే. ఉప్పు రైలెక్కింది. సరిగ్గా అదే ఏడాది నేరస్థ తెగల చట్టం వచ్చింది, 1911లో మద్రాసు రాజధానికీ దాన్ని పట్టుకొచ్చినారు. ఎరుకల అన్నదమ్ముల తాతలు అనుభవించినారు దాన్ని. మకాం మార్చేవాడు దొంగే అని దూరం నుంచే తేల్చేసిన చట్టం. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న.

ఆ కుక్కకు గుడి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో బాలోద్ జిల్లా ఖప్రీలో కుకుర్‌దేవ్ గుడి అంటారు, లోపల ఉండేది మాత్రం శివలింగమే. మధ్యప్రదేశ్‌లో కుక్కర్రామఠ్‌కీ ఇదే కథ చెప్తారు. కుక్క కరిచినోళ్ళు వచ్చి మొక్కుకుంటారు. మొక్కుకోండి, కానీ ముందు సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, అదేరోజు ఆసుపత్రికి పోయి సూది వేయించుకోండి. గీతే కదా అని వదిలేయొద్దు, రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి దక్కడు.

ఇంకోటి కూడా చెప్పాల. కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరులో దొరికిన శిలాశాసనం ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. 949–50 నాటిది. తక్కోలం యుద్ధంలో పోరాడిన మణలేరుడనే వీరుడు ఏం కావాలో కోరుకో అంటే, గంగరాజు బూతుగుడి దగ్గరున్న వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. అది అడవిపందితో పోట్లాడి, పందిని చంపి తానూ చచ్చింది. దానికి రాయి నిలబెట్టినారు, దాని పేరు కూడా చెక్కించినారు: కాళి. రాజుల కుక్కకు పేరుంది. మన కుక్కకు గుడి ఉంది, పేరు లేదు. దాని యజమాని పేరూ లేదు.

సెలవుల్లో అవ్వకు ఈ కథ చెప్పినా. మొత్తం విని, కుక్క సంగతి అడగలే. "అప్పెంత?" అంది. ఆ లెక్క పుస్తకంలో లేదవ్వా అన్నా. "రాసినోళ్ళు అది రాయరు" అని లేచి పోయింది.

మీ తండాల్లో, మీ గూడేల్లో పెద్దోళ్ళు ఈ కథ వేరేగా చెప్తారేమో అడగండి. కుక్క పేరు ఎవరికైనా తెలిస్తే తప్పకుండా రాయండి.